బట్టీ మైసమ్మకు తొలి బొట్టు

మా ఆవిడ మాఘమాసంలో పోయింది. ఉదయం పూట, ఇంట్లోనే. మీలో కొందరికి ఆ రోజే తెలిసింది. మిగతావారికి ఇలా చెబుతున్నందుకు మన్నించండి. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి అదే మాట మళ్ళీ మళ్ళీ చెప్పే శక్తి నాకు లేకపోయింది.

ఆ ఉదయం జరిగిన ఒక్క విషయం రాస్తాను. మిగతావన్నీ అందరి ఇళ్ళలో జరిగేవే.

ఆమెను హాల్లో పడుకోబెట్టారు. బంధువులు ఇంకా దారిలో ఉన్నారు. మా అపార్ట్‌మెంట్‌లో మెట్లూ కారిడార్లూ శుభ్రం చేసే ఆమె చీపురు గుమ్మం బయట ఆనించి లోపలికి వచ్చింది. కొంగు ముడి విప్పి, కాగితంలో మడిచిన కుంకుమ తీసింది.

"బట్టీ మైసమ్మ కాడికెల్లి తెచ్చిన సార్. మేడంకు పెట్టొచ్చా?"

తలూపాను. ఆమె బొట్టు పెట్టింది. పెట్టి, మా ఆవిడ చెవి దగ్గరికి వంగి, బతికున్న మనిషికి జాగ్రత్త చెప్పినట్టు, "అమ్మ పంపింది మేడం. పైలంగ పో" అంది.

ఆ గదిలో ఏడవనిది నేనొక్కడినే. ఆ అమ్మవారి పుట్టుక కళ్ళారా చూసినవాడినీ నేనొక్కడినే.

నల్లగండ్లలో ఫ్లాట్ కొన్నప్పుడు అందరూ చెరువు వైపు బాల్కనీ అడిగారు. మాకు వెనక వైపుది దక్కింది. ప్రహరీ అవతల సర్కారు తుమ్మ పొదలు, వాటి మధ్య సగం కూలిన పొగగొట్టం. అది ఒకప్పటి ఇటుకల బట్టీ. ఎప్పుడో మూతపడింది. వాటాదారుల తగాదాల్లో చిక్కుకుని, చుట్టూ అంతస్తులు లేస్తున్నా ఆ జాగా ఒక్కటీ అలాగే మిగిలిపోయింది. చలికాలం పొద్దున మంచు పడితే రాయదుర్గం వైపు అద్దాల భవనాలకు కింది భాగం ఉండేది కాదు. గాలిలో తేలుతూ ఉండేవి. నేల మీద కాళ్ళూని నిలబడింది ఆ పొగగొట్టం ఒక్కటే అనిపించేది.

మా ఆవిడ కాఫీ గ్లాసు పట్టుకుని దాన్నే చూసేది. "అది ఏం పని చేసిందో చూసొద్దాం పదప్పా" అనేది.

ఆమెది తాడిపత్రి. వాళ్ళ నాన్నకు నాపరాళ్ళకు పాలిష్ పట్టే చిన్న కార్ఖానా ఉండేది. ఆ రాతి పొడిలో, మిషన్ల చప్పుడులో పెరిగింది. ఏ వస్తువు కనిపించినా ఎంతకు కొన్నారని అడిగేది కాదు. "ఇది ఏం పని చేస్తాది?" అని అడిగేది. మనుషుల గురించీ అంతే. పెళ్ళిచూపుల్లో నన్నూ అదే అడిగింది. కంప్యూటర్ ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నా పని అన్నాను. "తప్పు దొరకని రోజు ఏం చేస్తారు?" అంది.  

ఒక ఆదివారం పొద్దున ప్రహరీ కూలిన సందులోంచి అవతలికి దూరాం. నాలుగడుగులు వేసిందో లేదో, కాలికి ఏదో తగిలి ఆగింది.

"రాయి కాదప్పా. ఇనుము."

చెప్పు అంచుతో గడ్డిని పక్కకు నెట్టింది. తుప్పు పట్టిన సన్నటి పట్టా. చేయి చాపితే అందేంత దూరంలో రెండోది. రైలు పట్టాలే. కానీ ఎంత ఇరుకంటే, పెద్దవాళ్ళ రైలు కోసం కాకుండా పిల్లల ఆట కోసం వేసినట్టున్నాయి.

వాటి వెంట నడిచాం. మా గోడ వైపు చివర మట్టి తవ్విన గుంట. నీళ్ళు నిలిచి తుంగ పెరిగింది. అక్కడ బయలుదేరిన పట్టాలు తుమ్మల్లోంచి పోయి, ఒక పెద్ద రాతి గుండు అడ్డం వస్తే దాన్ని చుట్టి వంపు తిరిగి, బట్టీ పక్క నుంచి అవతలి గోడ దాకా సాగాయి. బట్టీకి వరసగా కమానులు. ఒక్కో కమాను వెనక ఒక చీకటి గది. లోపలి గోడలు ఏనాటి మంటకో కరిగి, గడ్డకట్టి, గాజులా మెరుస్తున్నాయి. చేయి పెడితే చల్లగా ఉన్నాయి.

ఆ గుండు దాటాక, పట్టాల మీదే, ఒక ఇనుప ట్రాలీ నిలబడి ఉంది. చక్రాలు సగం దాకా మట్టిలో కూరుకుపోయాయి. తొట్టిలో పేరుకున్న దుమ్ములో ఒక వేప మొక్క లేచింది. పచ్చి ఇటుకలను ఆరే చోటి నుంచి బట్టీకి మోసిన బండి అయ్యుంటుంది. ఆమె దాని చుట్టూ ఒకసారి తిరిగి, ఊరి మనిషి కనిపించినట్టు నవ్వింది.

ఆ తరువాత ఆదివారాలు అక్కడే. అవి నా జ్ఞాపకంలో విడివిడిగా లేవు. ఒకే పొడవాటి ఉదయంలా ఉన్నాయి. అందులో ఒకచోట మంచు, ఒకచోట ఎండ, ఒకచోట అప్పుడే వెలిసిన వాన. ఆమె చెప్పులు చేతిలో పట్టుకుని ఒక పట్టా మీద నడుస్తుంది. రెండో చెయ్యి నా భుజం మీద ఉంటుంది. నేను పట్టాల మధ్య నడుస్తాను. వంపు దగ్గరికి వచ్చినప్పుడల్లా నా భుజం వదిలి గుండును అరచేత్తో తాకుతుంది, మెట్ల మలుపులో గోడ పట్టుకున్నట్టు. తాకి, మళ్ళీ నా భుజం పట్టుకుంటుంది. మేం మాట్లాడుకున్నది తక్కువ. ఎక్కడో టవర్ల మీద క్రేన్ తిరిగే చప్పుడు, గుంటలో నీటికోడి అరుపు. చీర రంగు మాత్రం మారుతూ ఉంటుంది.

ఇటుక ముక్క దొరికితే వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టుకునేది. నాపరాయి తీసుకునే ముందు వాళ్ళ నాన్న అలా కొట్టి వినేవాడట. లోపల పగులు ఉంటే మోగదట. "బాగా కాలిందప్పా ఇది. విను" అని నా చెవికి పెట్టేది. నాకు అన్నీ ఒకేలా వినిపించేవి. ఇంటికొచ్చాక హాలు గోడను కొట్టి చూసింది. "ఇది మోగదు." పుచ్చకాయను కొట్టింది, కుండను కొట్టింది. ఒకరోజు పేపరు చదువుతుంటే నా తల మీద కొట్టి, కాసేపు విని, "ఇదీ మోగదు" అని వంటింట్లోకి పోయింది.

ఒకసారి వానలకు మట్టి మెత్తబడినప్పుడు ట్రాలీని ఇద్దరం కలిసి నెట్టాం. కదల్లేదు. మళ్ళీ నెట్టాం. కిర్రుమని ఒక వేలెడు కదిలి ఆగిపోయింది. ఆమె ఆయాసపడుతూనే దాని మీద చెయ్యి వేసి, "పని మర్చిపోలేదప్పా ఇది" అంది.

ఆ ఏటి దసరాకే ఆయుధపూజ చేసింది.

వాళ్ళ కార్ఖానాలో ఆయుధపూజంటే పెద్ద పండగ. మిషన్లు కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, ఆ రోజు వాటిచేత పని చేయించేవారు కాదు. పెళ్ళయ్యాక ఆమెకు మిషన్లు లేవు. అందుకని కారుకు పెట్టేది, మిక్సీకి పెట్టేది, నా ల్యాప్‌టాప్ మూతకు పెట్టేది. ఆఫీసులో అందరూ చూసేవారు. ఆ ఏడు అన్నీ అయ్యాక పసుపు గిన్నె చేతిలోనే పట్టుకుని, "ఇంకొకటి ఉండాది, పదప్పా" అంది.

ట్రాలీ అంచును గుడ్డతో తుడిచింది. పసుపు రాసింది. కుంకుమ పెట్టింది. చక్రం ముందు నిమ్మకాయ పెట్టి, కారుకు కట్టగా మిగిలిన బంతిపూల ముక్క వేసింది.

"నడవని బండికి పూజేంటి?" అన్నాను.

"నడిచినప్పుడు ఎవరో ఒకరు చేసుంటారు. నిలబడిపోయినాక ఎవరూ చేసుండరు."

అంతే జరిగింది. నేను పక్కనే ఉన్నాను.

కొన్నాళ్ళకు ట్రాలీ ముందు కొబ్బరి చిప్పలు కనిపించాయి. తరువాత అగరబత్తి పుల్లలు. పక్క టవర్ కట్టే కూలీల రేకుల షెడ్లు మా గోడ వారనే ఉన్నాయి. వాళ్ళు రోడ్డుకు పోయే అడ్డదారి ఆ పట్టాల వెంటే. ఒక ఆదివారం వెళ్ళేసరికి తొట్టిలో, వేప మొక్క మొదట్లో, ఒక ఇటుక నిలబెట్టి ఉంది. దానికి పసుపు, రెండు వెండి కళ్ళు, ఎర్ర గుడ్డ.

మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "ఎవరప్పా ఈమె?"

జవాబు మర్నాడు ఇంటికే వచ్చింది. శుభ్రం చేసే ఆమె వంటింట్లో టీ తాగుతోంది. నేను పక్క గదిలో ఉన్నాను.

"మీకు తెల్వదా మేడం? ఎనకాల బట్టీల మైసమ్మ ఎలిసింది. దసరా నాడు సూస్తే పసుపు కుంకుమతోని కూసున్నదంట. సుట్టుపక్కల మనిషి జాడ లేదు!"

గ్లాసు కింద పెట్టిన చప్పుడు.

"ఆ కుంకుమ పెట్టింది నేనమ్మా. ఆయుధపూజకు పెట్టింటి. అది ఇటుకల బండి."

"మీరా మేడం?"

"నేనే. కావాలంటే మా ఆయన్ను అడుగు."

 శుభ్రం చేసే ఆమె గొంతు మెల్లగా వచ్చింది.

"మరి గదే గద మేడం! గా బండి ఎన్నేండ్ల సంది ఆడనే ఉన్నది? ఎవ్వలన్న సూసిన్రా? మీ చేతితోని పెట్టిచ్చుకున్నది. ఊకెనే పెట్టిచ్చుకుంటదా?"

ఆమె వెళ్ళాక మా ఆవిడ నా గదిలోకి వచ్చి కుర్చీలో కూలబడింది. "ఏం చెప్పినా ఆ మైసమ్మ ఖాతాకే పోతాంది" అని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

నాకు నవ్వు రాలేదు. తప్పు కళ్ళముందు ఉంటే సరిచేయకుండా ఉండలేను. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక ముక్క రాసేద్దామన్నాను.

"ఏమని రాస్తావు? దేవత లేదనా?"

"బొట్టు నువ్వు పెట్టావని."

"అది నేనే చెప్తి కదప్పా. ఆమె వినె. ఇంగ ఆమె ఇష్టం."

ఆ తరువాత ప్రతి దసరాకూ వెళ్ళింది. ఇటుకకు పెట్టేది కాదు. చక్రానికి, తొట్టి అంచుకు పెట్టేది. "నేను బండికి పెడతాండా. వాళ్ళు అమ్మకు పెడతారు. జాగా ఇద్దరికీ సరిపోతాది" అనేది. ఎవరైనా ఆడవాళ్ళు ఆమెకు దండం పెట్టబోతే మాత్రం ఒప్పుకునేది కాదు. "నాకు కాదమ్మా, నేను మెకానిక్ మాదిరి" అనేది. వాళ్ళు నవ్వేవారు. మేడం తమాషా మనిషి అనుకునేవారు.

ఆషాఢంలో కూలీల ఇళ్ళ ఆడవాళ్ళు బోనాలు తెచ్చారు. తుమ్మ ముళ్ళు లేని దారి పట్టాల మధ్యే కాబట్టి ఒకరి వెనక ఒకరు నడిచారు. సందెవేళ. తలల మీద కుండలు, కుండల మీద దీపాలు. వంపు దగ్గర దీపాల వరసంతా మెల్లగా ఒంగి, గుండు వెనక ఒక్కొక్కటిగా మాయమై, అవతల మళ్ళీ ఒక్కొక్కటిగా తేలింది. వాళ్ళ వెనక చాలా ఎత్తున ఆఫీసుల అద్దాలు ఒక్కో అంతస్తూ వెలుగుతున్నాయి. మేం బాల్కనీలో ఉన్నాం.

"చూడప్పా," అంది మా ఆవిడ. "రైలు."

ఆమె జబ్బు గురించి రాయను. అది ఆమెకు సంబంధించిన వాటిలో అన్నిటికన్నా చిన్న విషయం. ఆసుపత్రిలో ఒక మధ్యాహ్నం నా చెయ్యి తీసుకుని తన పక్కటెముకల మీద పెట్టుకుంది.

"కొట్టి చూడప్పా. మోగుతాండానా?"

"మోగుతున్నావు" అన్నాను.

"నీకేం తెలుస్తాది" అని కళ్ళు మూసుకుంది.

ఇంటికి తెచ్చాక మంచాన్ని బాల్కనీ తలుపు దగ్గర వేయించాను. అప్పటికి వాటాదారుల తగాదా తేలిపోయింది. ఆ జాగాకు కొత్త రేకుల కంచె వేశారు. కొలతలు తీసేవాళ్ళు తిరుగుతున్నారు. ఆమె అన్నీ చూసింది. ఒక సాయంత్రం అంది:

"ఆ బండిని తుక్కుకు పోనీకప్పా."

సరేనన్నాను.

"దాని కోసమని అబద్ధం చెప్పొద్దు. నా పేరు మీద అసలే చెప్పొద్దు."

"రెండూ ఒకేసారి కుదరవేమో."

"చూద్దువులే."

ఆమె నన్ను అడిగినవి చాలా తక్కువ. చివరికి అడిగింది ఇదొక్కటే.

పెద్దకర్మ అయిన కొద్ది రోజులకు కింద నుంచి వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "సార్, జర ఎనకకు రాండ్రి. మిమ్ముల అడుగుతున్నరు." వెళ్ళాను. పొగగొట్టం అప్పటికే లేదు. ఆకాశంలో దాని చోటు ఖాళీగా ఉంది. ట్రాలీ ముందు ఒక జేసీబీ ఆగి ఉంది. చుట్టూ కూలీలు, ఆడవాళ్ళు, శుభ్రం చేసే ఆమె. సైట్ ఇన్‌ఛార్జి ఎదురొచ్చాడు. కోస్తా మనిషి. చాలా మర్యాదగా మాట్లాడాడు.

"మేడం గారి విషయం తెలిసిందండీ. ఈ టైంలో ఇబ్బంది పెడుతున్నాను, ఏమీ అనుకోకండి. ఇక్కడ మొదట పూజ చేసింది ఆవిడేనంటున్నారు. అమ్మవారు ఆవిడ కలలో కనబడి చెప్పిందని కూడా అంటున్నారండీ. అదే నిజమైతే పైవాళ్ళకి చెప్పి గోడవారన ఉంచేస్తాను. కాదంటే రేపే బాలానగర్ తుక్కు షాపుకి వెళ్ళిపోతుంది. ఈ డ్రైవర్ చూస్తే పొద్దుట్నుంచీ ముట్టుకోనంటున్నాడు."

"అమ్మోరా కాదా ముందుగాల తేల్చుండ్రి సార్," అన్నాడు జేసీబీ డ్రైవర్. "నాకు పిల్లలున్నరు."

అందరూ నా మొహం చూశారు. నేను నోరు తెరవనవసరం కూడా లేదు. తల ఊపితే చాలు. బండి ఉండిపోతుంది. ఆమె చెప్పిన మొదటి మాట నెగ్గుతుంది, రెండోది పోతుంది. శుభ్రం చేసే ఆమె నా వైపే చూస్తూ, ఊపమన్నట్టు తనే తల ఊపుతోంది.

"కల రాలేదు," అన్నాను. "మైసమ్మ సంగతి నాకు తెలియదు. ఇది ఇటుకలు మోసిన బండి. పని చేసిన ఇనుమని మా ఆవిడ ఆయుధపూజ నాడు బొట్టు పెట్టింది. అప్పుడు నేను పక్కనే ఉన్నాను. అంతకు మించి ఏమీ లేదు."

ఆడవాళ్ళలో ఎవరో అయ్యో అన్నారు. ఇన్‌ఛార్జి ఊపిరి వదిలాడు. "అంటే ఉత్త బండేనన్నమాట. విన్నావుగా? కానీయ్."

డ్రైవర్ కదల్లేదు. "ఆయుధపూజ చేసిన బండా సార్?"

"అవును."

"ప్రతి ఏడు చేస్తరా?"

"ప్రతి దసరాకూ."

"గట్లయితే అస్సలే ముట్ట."

"అదేంటయ్యా!" అన్నాడు ఇన్‌ఛార్జి. "అమ్మవారు కాదని సారే చెప్తుంటే!"

"అమ్మోరైతే దండం పెట్టి, జర పక్కకు జరుగు తల్లీ అంటుంటి. మొక్కితే ఇంటది. గిది బండి." అతను తన జేసీబీ వైపు చెయ్యి చూపించాడు. బకెట్ మీద పాత కుంకుమ బొట్లు, అద్దం కింద ఎండిపోయిన నిమ్మకాయ. "నేను దీనికి పెట్టేది గదే బొట్టు, మేడం దానికి పెట్టింది గదే బొట్టు. బొట్టు పెట్టిన బండిని ఇంకో బండితోని గుద్దిపిస్తరా ఎక్కడన్న? రేపటి సంది నా బండి నా మాట ఇంటదా?"

 శుభ్రం చేసే ఆమె ముందుకు వచ్చింది.

"అమ్మకైనా కూసునేటందుకు ఏదో ఒకటి ఉండాలె గద. బండినే ఉండనియ్యుండ్రి సార్."

ఇన్‌ఛార్జి హెల్మెట్ తీసి తల తుడుచుకున్నాడు. "దేవతైనా ఉంచాలి, దేవత కాకపోయినా ఉంచాలి. బాగుందండీ" అన్నాడు. అవతలి గోడవారన ఎలాగూ ఖాళీ జాగా వదలాలి, అక్కడికి చేర్చుకోమన్నాడు, మిషన్ పెట్టకుండా ఎలా చేరుస్తారో మీ ఇష్టం అన్నాడు.

డ్రైవర్ తన గ్రీజు డబ్బా తెచ్చాడు. కూలీలు చక్రాల కింద మట్టి తవ్వారు, గడ్డపారలతో ఎత్తిపట్టి గ్రీజు కుక్కారు. తరువాత అందరూ చేతులు వేసి నెట్టారు. నేనూ ఒక చెయ్యి వేశాను. మొదట కిర్రుమంది. ఆ చప్పుడు నాకు తెలుసు. తరువాత కదిలింది. వేప మొక్క ఊగుతూ, వెండి కళ్ళు ఎండకు మెరుస్తూ, తన పట్టాల మీద తనే బట్టీ పక్క నుంచి అవతలి గోడ దాకా నడిచింది. వెనక ఆడవాళ్ళు. ఎవరూ కేకలు వేయలేదు. పడుకున్న మనిషిని మంచంతో సహా జరుపుతున్నట్టు నెమ్మదిగా నెట్టారు.

పని మర్చిపోలేదు.

ఆ తరువాత బట్టీ పోయింది. గుంట పూడ్చారు. గుండును పగలగొట్టారు. రెండు రోజులు ఆ చప్పుడు విన్నాను. ట్రాలీ చక్రాల కింద ఉన్న ముక్క తప్ప పట్టాలన్నీ పెరికి లారీకెక్కించారు. ఇప్పుడు బాల్కనీలోంచి చూస్తే బల్లపరుపు నేల, చివర గోడ దగ్గర చిన్న పచ్చదనం. రేపు అక్కడ టవర్ లేస్తే అదీ కనబడదు. గుండు పగిలిన రోజు ఒక ఇటుక ముక్క తెచ్చుకున్నాను. అప్పుడప్పుడు వేలితో కొట్టి వింటాను. మోగుతోందో లేదో చెప్పేవాళ్ళు లేరు.

ఆషాఢం వచ్చింది. శుభ్రం చేసే ఆమె కాలింగ్ బెల్ కొట్టింది. "మేడం తరఫున మీరు రావాలె సార్. కుంకుమ పట్టుకోండ్రి, సాలు." మా ఆవిడ పసుపు గిన్నెలోనే కుంకుమ వేసుకుని వెళ్ళాను.

కంచె తలుపు తీసి ఉంచారు. సందె పడుతోంది. ఆడవాళ్ళు బోనాలెత్తుకుని బయలుదేరారు. నేను అందరికన్నా చివర నడిచాను. ఎంత వెడల్పు నేల ఉన్నా ఒకరి పక్కన ఒకరు నడవలేదు. ఒకరి వెనక ఒకరుగానే, పాదం ముందు పాదం వేస్తూ నడిచారు. సగం దూరం వెళ్ళాక ముందున్న దీపం పక్కకు ఒంగింది. దాని వెనకది, దాని వెనకది. అక్కడ గుండు లేదు. పట్టాలు లేవు. దీపాలు మెల్లగా వంపు తిరిగి, ఏమీ లేని చోటును చుట్టి, మళ్ళీ తిన్నగా సాగాయి.

నా వంతు వచ్చింది. నేనూ తిరిగాను. నా అరచెయ్యి తనంతట తనే పక్కకు చాచుకుంది.